డ్రైవరుతో మాట్లాడరాదు

అమ్మకి,

ఫోన్లో చెప్పాల్సింది ఉత్తరంలో రాస్తోందేమిటని విసుక్కోకు. ఫోన్లో నేను "అమ్మా" అనేలోపు మిగతాదంతా నువ్వే చెప్పేస్తావు. తిన్నావా అని అడిగి, తినే ఉంటావులే అని నువ్వే అనేస్తావు. కాగితానికి ఆ తొందర లేదు.

బస్సు డ్రైవరు శిక్షణలో ఎందుకు చేరానో నీకు ఇప్పటిదాకా చెప్పలేదు. డ్రైవరు సీటు పైన "డ్రైవరుతో మాట్లాడరాదు" అని బోర్డు ఉంటుంది చూశావా, అందుకు. అన్ని ఉద్యోగాల్లోనూ నన్ను మాట్లాడమంటారు, ఇందులో మాత్రం నాతో మాట్లాడొద్దని ఎదుటివాళ్లకే చెబుతారని సంబరపడ్డాను. తీరా చేరాక పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఇక్కడ బండి నడుపుతున్నంతసేపూ రోడ్డు మీద కనిపించిందల్లా పైకి చెప్పాలి. ముందు సిగ్నలు, కుడి పక్క సైకిలు, బ్రేకు వేస్తున్నాను, ఇలాగ. కన్ను చూసింది నోరు చెప్పాలి, నోరు చెప్పాకే చెయ్యి కదలాలి అంటారు మా టీచరు. చివరి పరీక్షలో అధికారి పక్కన కూర్చుని వినేది కూడా ఇదేనట. చెప్పకపోతే ఎంత బాగా నడిపినా ఫెయిలే.

నేను బండి బాగానే నడుపుతానమ్మా. గొప్పలు పోవడం కాదు, ఇరుకు సందులో రివర్సు నాలాగా ఇక్కడ ఎవరూ చెయ్యలేరు. నోరే పెగలదు. తోటివాళ్లు నాకు "మౌనవ్రతం" అని పేరు పెట్టారు. నువ్వు వచ్చి టీచరుతో మాట్లాడతానన్నావు. వద్దు. నెలాఖరుకి మానేసి వచ్చేద్దామని నిర్ణయించుకున్నాను. పిన్ని టైలరింగ్ షాపులో బొత్తాలు కుట్టుకుంటాను. బొత్తాలు ప్రశ్నలడగవు.

నీ చిట్టి


అమ్మకి,

బొత్తాల సంగతి అప్పుడే పిన్నికి చెప్పేశావట. కాస్త ఆగు.

మా టీచరు గురించి చెప్పాలి. ఆవిడ ఏళ్ల తరబడి సిటీ బస్సు నడిపిన మనిషి. నడుము వెనక చిన్న దిండు పెట్టుకుని నా పక్కన కూర్చుంటారు. ఏదైనా అడిగితే, అడిగి ఊరుకుంటారు. తొందరపెట్టరు, మాట అందివ్వరు. నేను చెప్పకపోయినా కోప్పడకుండా ఇంకో సందు దాటాక మళ్లీ అడుగుతారు.

మొన్న అందరి వంతూ అయ్యాక నన్నొక్కదాన్నే బండెక్కించారు. "నువ్వు నడుపు, ఇవాళ నేను చెబుతాను" అన్నారు. చెప్పడం మొదలెట్టారు, అన్నీ తప్పులే. చెత్త లారీని స్కూలు బస్సన్నారు. పచ్చలైటు పడితే ఎర్రలైటన్నారు. నాకు ఒళ్లు మండిపోతోంది. ఎదురుగా పాలవ్యాను వస్తుంటే "అంబులెన్సు, దారివ్వాలి" అన్నారు.

"పాలవ్యాను" అన్నాను. గట్టిగానే అన్నాను, కోపంగా కూడా.

ఆవిడ నవ్వలేదు, మెచ్చుకోలేదు. "ఓహో, పాలవ్యానా. కళ్లజోడు మార్చాలి నేను. దాని వెనక ఏముందో నువ్వే చెప్పు, నాకు ఆనట్లేదు" అన్నారు. పాపం పెద్దావిడ కదా అని డిపో దాకా అన్నీ చెప్పుకుంటూ వచ్చాను. ఆవిడకి అసలు కళ్లజోడే లేదని బండి దిగాక గానీ వెలగలేదు.

ఆ రోజు నుంచి రోడ్డు మీద ఉన్నవన్నీ చెబుతున్నాను. నిన్నయితే రోడ్డు మీద లేనిది కూడా చెప్పాను. పిల్లల డాక్టరు క్లినిక్ ముందు ఒక తల్లీ, చిన్నపిల్లా నిలబడి ఉన్నారు. "ఎడమ పక్క తల్లీ, పిల్లా. పిల్లకి చెవి నొప్పి" అన్నాను. టీచరు బండి పక్కకి తీసి ఆపమన్నారు. "చెవి నొప్పని నీకెలా తెలుసు?" అని అడిగి, ఊరుకున్నారు.

చెప్పాను. చిన్నప్పుడు నాకు చెవిపోటు వచ్చింది. ఎక్కడమ్మా నొప్పి అని డాక్టరు నన్నే అడిగాడు. నేను అన్నం ముట్టలేదు కాబట్టి కడుపు నొప్పేనని నువ్వు చెప్పేశావు. కడుపు మందే మింగాను. పోటు దానంతట అది తగ్గేదాకా దిండుకి చెవి అదుముకుని పడుకున్నాను. నీకు గుర్తుండదు. నాకు మాత్రం అది ఇప్పటికీ బాధేనమ్మా. నా ఒంట్లో నొప్పి ఎక్కడుందో కూడా నీకే బాగా తెలుసని ఆ రోజే ఒప్పేసుకున్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నువ్వు అడక్కముందే పెట్టావు, అడక్కముందే మాట్లాడావు. ప్రేమతోనే, నాకు తెలుసు. కానీ నాకు అడగడం రాకుండా పోయింది.

అంతా విని టీచరు నిన్ను ఒక్క మాటైనా అనలేదు. "ఏ చెవి?" అన్నారు, అంతే. ఎడమది అన్నాను. ఆ మాట అన్నాక ఏడ్చాను.

నేను మానెయ్యడం లేదు. పిన్నిని బొత్తాలకి ఇంకెవరినైనా చూసుకోమను. పరీక్ష రోజు అధికారితో చెప్పడానికి నువ్వు మాత్రం రావద్దు. ఇది నేను అడుగుతున్నాను.

నీ చిట్టి


అమ్మకి,

నువ్వు అలిగావని పిన్ని చెప్పింది. ఇక్కణ్నుంచి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఎవరితోనూ మాట్లాడటం లేదట, ఇల్లు ఇల్లులా లేదట. పరీక్ష రోజు నువ్వు బయట ఉన్నావు, బస్సు లోపల ఏం జరిగిందో నీకు తెలియదు. అది చెబుతాను.

డిపో గేటు దాటి మలుపు తిరిగాను. అధికారి పక్కన, టీచరు వెనక సీట్లో. "ఎడమ ఫుట్‌పాత్ మీద ఒకావిడ. చేతిలో సంచి. చెయ్యి ఊపుతోంది" అన్నాను. అనేశాక పోల్చుకున్నాను. అద్దంలో టీచరు వైపు చూశాను. ఆవిడ ఎప్పటిలాగే ఊరుకున్నారు.

"ఆవిడ మా అమ్మ" అన్నాను. "రోడ్డు చూసుకోకుండా దిగిపోతుంది. నా విషయంలో ఎప్పుడూ అంతే. వేగం తగ్గిస్తున్నాను. బ్రేకు వేస్తున్నాను."

నువ్వు దిగనే దిగావు. అప్పటికే బండి ఆగి ఉంది, చూసుకున్నావో లేదో. వచ్చి తలుపు కొట్టి, "అయ్యా, మా పిల్లకి నోట్లో నాలుక లేదు, కాస్త చూసి మార్కులు వెయ్యండి" అని మొదలెట్టావు. అధికారి నా వైపు తిరిగాడు. అప్పుడే కదా నేను గట్టిగా అన్నది: "ఇది స్టాపు కాదండీ, ఇక్కడ తలుపు తియ్యకూడదు. దయచేసి ఫుట్‌పాత్ ఎక్కండి." నిన్ను అండీ గిండీ అన్నానని కోపం వచ్చినట్టుంది. డ్యూటీలో ఉన్నానమ్మా మరి.

నువ్వు తెరిచిన నోరు తెరిచినట్టే వెనక్కి వెళ్లావు. "ఫుట్‌పాత్ ఎక్కింది. ఎడమ పక్క ఖాళీ. కదులుతున్నాను" అన్నాను. అద్దంలో ఇంకా కనిపిస్తున్నావు. "వెనక మా అమ్మ ఒక్కతే నిలబడి ఉంది" అన్నాను. పరీక్షలో అది చెప్పక్కర్లేదు. చెప్పకుండా ఉండలేకపోయాను.

దిగేటప్పుడు అధికారి టీచరుతో, "ఈ అమ్మాయికి మాటలు రావని ఎవరన్నారండీ, కాస్త తగ్గించమనండి" అన్నాడు. పాసయ్యాను.

వచ్చే నెల నుంచి నాకు బస్సు ఇస్తున్నారు. ఈసారి స్టాపులో నిలబడు. ఆపుతాను, తలుపు తీస్తాను. నా వెనక సీట్లో కూర్చో. బోర్డు ఉంటుంది కాబట్టి దారి పొడుగునా మాట్లాడకూడదు. నీకు కష్టమే, ఓర్చుకో. చివరి స్టాపులో ఇంజను ఆపి, వచ్చి నీ పక్కన కూర్చుంటాను. ఎలా ఉన్నావే అని అడుగు. అడిగి ఊరుకో. నేను చెబుతాను.

నీ చిట్టి,
డ్రైవరు