చక్రం బాగయ్యేదాకా రంపం ముట్టుకోకు

తమ్ముడూ, నేను వచ్చేదాకా రంపం మిషన్ ఆన్ చేయకు, నీకు దణ్ణం పెడతాను. అటూ ఇటూ జరపడానికని చక్రాలు వేశాం గానీ, ఈ గుంతల నేల మీద అది నిలవడం లేదు. ఒక చక్రానికి బ్రేకు విరిగింది. ఊడదీసి వెల్డింగుకి పట్టుకెళ్తున్నాను. ఆ మూల ఇటుకలు పెట్టాను, మిషన్ అదిరితే అవీ జారిపోతాయి.

నిన్న నువ్వు చెక్క తోస్తుంటే మిషన్ ముందుకు జరిగి తూలావు. నువ్వు నవ్వేశావు. రంపం పళ్లకీ నీ వేళ్లకీ మధ్య ఎంత సందుందో నేను చూశాను.

తలుపులు ఇవాళ ఇవ్వకపోతే మాట పోతుందంటావు. పోనీరా. అమ్మ నిన్ను మొండోడని పిలిచేది నీ పంతం చూసి. ఆ పేరు నీ చేతికి రానివ్వకు.

నువ్వు వినవని మోటారు బెల్టు కూడా విప్పి తీసుకెళ్తున్నాను. కోపమొస్తే, నేను రాగానే రెండు చేతులా కొట్టు, పడతాను.