పిన్ని కారుకు మూడు మౌంటింగులు

జూన్ 3, మంగళవారం

మోసం జరిగింది. చేసినవాడు మా మెకానిక్ షెడ్డు ఓనర్. మోసపోయింది మా పిన్ని. రేపు ఎవరైనా అడిగితే తేదీతో సహా చెప్పడానికి రాసిపెట్టుకుంటున్నాను.

పిన్నిది పద్నాలుగేళ్ల డీజిల్ కారు. ఇంజన్‌ను మోసే రబ్బరు మౌంటింగులు మూడూ ఎండి పగిలిపోయాయి. గేరు వేస్తే ఇంజన్ లేడిపిల్లలా ఎగిరేది. ఓనర్ మామూలువి వద్దన్నాడు. హెవీ డ్యూటీకి అప్‌గ్రేడ్ చేస్తే ఐదేళ్లు బానెట్ ఎత్తక్కర్లేదని తన కౌంటర్ నుంచే మూడు డబ్బాలు తీసిచ్చాడు. ఆదివారం నేనే బిగించాను. సొంత పిన్ని బండి కదా, ప్రతి బోల్టూ బలమంతా పెట్టి లాగాను.

ఇవాళ పిన్ని షెడ్డుకొచ్చింది. ఒరేయ్, మొన్నటిదాకా బండి ఒక్కటే వణికేది, ఇప్పుడు నా పళ్లు కూడా తోడయ్యాయి అంది. నవ్వుతూనే అంది. స్టీరింగ్ పట్టుకుని చూశాను. చేతులు మోచేతి దాకా జివ్వుమన్నాయి.

పిన్ని ఆ కారులో ఆస్పత్రి నర్సులను డ్యూటీకి తిప్పుతుంది. బండి వణికి నడుములు పోతున్నాయని నర్సులు కంప్లైంట్ పెట్టారు. అందుకే ఆస్పత్రివాళ్లు ఈ శనివారం పొద్దున ట్రిప్పులు ఆపి, తొమ్మిదింటికి అన్ని బండ్లనూ చెక్ చేస్తారట. పనికిరాని బండిని లిస్టులోంచి కొట్టేస్తారు. లిస్టులోంచి పోతే పిన్నికి ఇంకో పని లేదు. బాబాయి పోయాక ఆ ఇంటికి ఆధారం ఆ కారే.

డూప్లికేట్ పార్టులు. ఇంకేముంటుంది?

జూన్ 4, బుధవారం, ఉదయం 6

నిద్ర లేవగానే యూనియన్ మీటింగులో ఇచ్చిన పాంప్లెట్ తీశాను. మౌనం దోపిడీకి కాపలా కుక్క అని ఉంది. కింద గీత గీశాను. ఇవాళ మౌనంగా ఉండను.

అదే రోజు సాయంత్రం

ఉండలేదు.

ఖాళీ డబ్బాలు మూడూ కౌంటర్ మీద గిరాటేశాను. కస్టమర్లు నలుగురున్నారు. కావాలనే వాళ్ల ముందు పెట్టాను. శ్రామికురాలి పొట్ట కొట్టావన్నాను. నకిలీ వ్యాపారివన్నాను. ఇంకా చాలా అన్నాను, అన్నీ గుర్తులేవు.

ఓనర్ లేవనైనా లేవలేదు. కళ్లజోడు పెట్టుకుని, డబ్బా మీది సీలు చూపించి, ఫోన్ ఇచ్చి, కంపెనీవాళ్లనే అడగమన్నాడు. అడిగాను. నంబర్లు సరిపోయాయి. అసలైన పార్టులే. అప్పుడు ఓనర్ మెల్లగా, పార్టు కంపెనీది బాబూ, బిగించినవాడే కంపెనీవాడు కాదు అన్నాడు. షెడ్డంతా గొల్లున నవ్వింది. మైకు లేని నాయకుడికి స్పానర్ ఎందుకు, కండువా కొనివ్వండి అని వెల్డర్ అరిచాడు. క్షమాపణ చెప్పేదాకా గేటు లోపలికి రావద్దని ఓనర్ చెప్పాడు.

చెప్పను. చచ్చినా చెప్పను.

జూన్ 5, గురువారం, ఉదయం

నాకు పని నేర్పిన మేస్త్రి కూడా నవ్వాడు. అది మర్చిపోను.

జూన్ 5, సాయంత్రం



ఐదింటికి నేను పిన్ని ఇంట్లో ఉంటే మేస్త్రి వచ్చాడు. చేతిలో జాకీ, ఓ చెక్కముక్క. నేను ముఖం తిప్పుకున్నాను. ఆయన కూర్చోకుండానే ఒక్క ప్రశ్న అడిగాడు. బోల్టులు పూర్తిగా బిగించింది జాకీ తీశాకా, తీయకముందా?

తీయకముందు. ఇదేం ప్రశ్న? షెడ్డులో అందరం అంతే. ఇంజన్ కింద చెక్క పెట్టి, జాకీతో లేపి, పాతది తీసి, కొత్తది పెట్టి, బిగించి, జాకీ లాగేయడం. గోడ మీద ఓనర్ సుద్దముక్కతో రాసి పెట్టాడు, గంటకో బండి అని.

మేస్త్రి తల కొట్టుకున్నాడు. జాకీ మీదున్న ఇంజన్ చంకనెత్తుకున్న పిల్లలాంటిదట. దాని బరువు దానికి తెలియదు. అప్పుడే బిగిస్తే, దించాక రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుందట. గట్టి రబ్బరైతే ఆ మెలిక ఇంకా గట్టిగా కొడుతుంది. మెడ పట్టేసినవాడికి ఇనుప దిండిచ్చావురా అన్నాడు.

ఆయన చెప్పినట్టే చేశాను. చెక్క పెట్టి ఇంజన్‌ను జాకీ మీద ఆన్చి, బోల్టులన్నీ వదులు చేశాను, ఊడిపోనంత వరకు. జాకీ తీసేశాం. పిన్ని స్టార్ట్ చేసింది. బ్రేకు నొక్కి పట్టుకుని ఒకసారి ముందు గేరు, ఒకసారి రివర్స్, క్లచ్ కొంచెం కొంచెం వదిలింది. ఇంజన్ అటూ ఇటూ ఊగి, బొటనవేలంత పక్కకు జరిగి, కూర్చుంది. కళ్లారా చూశాను. నేను ఆదివారం దాన్ని కూర్చోనివ్వలేదు. ఆపేశాక, అది కూర్చున్న చోటే బిగించాం.

మళ్లీ స్టార్ట్ చేస్తే పిన్ని అద్దంలోకి చూసి, వెనక బండి నంబర్ చదివింది. ఏడాదైందట ఆ అద్దంలో అక్షరం నిలిచి.

సంతోషించాల్సింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ షెడ్డులో ఎందుకు చెప్పలేదని మేస్త్రి మీద అరిచాను. చెప్పాడట, నేను చేరకముందు, రెండుసార్లు. ఇంజన్ కూర్చునేదాకా మనుషులను కూర్చోబెట్టి జీతమివ్వాలా అని ఓనర్ అడిగాడట. మూడోసారి నోరు మూసుకున్నాడట. మీ మౌనానికి ఎన్ని బండ్లు బలైపోయాయో లెక్క ఉందా అన్నాను. లేదురా, తప్పు చేసినవాళ్ల పేర్లు రాస్తే ముందు నా పేరే రాయి అన్నాడు. కోపం మాత్రం పోలేదు.

పిన్ని ఇంజన్ ఆపి, మిగతా ఐదుగురి సంగతేంటని అడిగింది.

ఆస్పత్రి బండ్లు మా షెడ్డుకు గత నెల రోజుల్లో పిన్నిదానితో కలిపి ఆరు వచ్చాయి. ఆరూ నేనే బిగించాను. పిన్నేమో, లిస్టులో నేనొక్కదాన్నే మిగిలితే వాళ్ల ముఖాలెలా చూడను, నాది బాగు చేసి నన్ను దొంగను చేశావేంట్రా అంది.

జూన్ 6, శుక్రవారం, మధ్యాహ్నం

గేటు లోపలికి వెళ్లాను. క్షమాపణ చెప్పాను. పార్టుల విషయంలో నాది తప్పే, చెప్పాలి, చెప్పాను.

తర్వాత, ఐదు బండ్లనూ వెనక్కి పిలిపించమన్నాను. రెండున్నర గంటల పని. జీతం వద్దన్నాను. ఓనర్ జాలిగా చూశాడు. బండి రెండోసారి వస్తేనే షెడ్డు నడుస్తుంది, రాకుండా చేస్తే నీ పాంప్లెట్లు పరుచుకుని పడుకోవాలి అన్నాడు. అంటే ఆయనకు తెలుసు! గంటకో బండి అని రాసిన రోజే తెలుసు. పైగా, వెళ్లి చెప్పుకో, బోల్టు మీద కనబడేది నీ చెయ్యే, తన్నులు నీకే పడతాయన్నాడు.

నిజమే. అదే కాలుతోంది.

జూన్ 6, సాయంత్రం 4

ఆ ఐదు బండ్లవాళ్లకూ ఇవ్వడానికి నోటీసు రాశాను. రెండు పేజీలు. పెట్టుబడి, లాభాపేక్ష, కుళ్లిన వ్యవస్థ, అన్నీ పెట్టాను. పిన్ని చదివి, బోల్టు నువ్వు బిగించి వ్యవస్థ బిగించిందంటావేంట్రా, అదెక్కడుంటుంది, దాని ఫోన్ నంబరివ్వు అంది.

చింపేశాను.

జూన్ 6, సాయంత్రం 6

ఐదుగురికీ ఇచ్చింది ఇదే.

మీ మౌంటింగులు మంచివే. తప్పుగా బిగించింది నేను. అలా బిగించక తప్పని రూలు పెట్టింది, తెలిసీ దాచింది షెడ్డు ఓనర్. ఊరుకున్నది మేస్త్రి. ఆయనే రాయమన్నాడు. బండికి అరగంట చాలు, తొమ్మిదింటి చెకింగ్‌లోపే అయిపోతుంది. పైసా ఇవ్వొద్దు. రేపు శనివారం, ఆస్పత్రి వెనక ఖాళీ స్థలానికి బండితో రండి. నన్ను తిట్టాలనుకునేవాళ్లు పొద్దున ఐదుంబావుకే రండి. ఐదున్నరకు బానెట్లు ఎత్తాలి.