ఉస్తాద్ ఎడమ చెయ్యి

చిల్లకల్లు,
మంగళవారం.

మా నాన్న చేతిని దొంగ చెయ్యి అన్నావు. అంతమంది చూసే పేజీలో, ఎర్రగీతతో సున్నా చుట్టి మరీ అన్నావు. అందుకే సలాము రాయట్లేదు అనీస్ భాయ్. భాయ్ అన్నది కూడా అలవాటు కొద్దీ పడింది.

ఫోన్లో పెడితే ఇదీ ఏఐ రాసిందే అంటావు. ఇప్పుడు నీ పని అదే కదా, నందిగామలో పగలంతా ఫ్లెక్సీలు కొట్టుకోవడం, పొద్దుగూకితే 'అసలా నకిలీనా' అని జనాన్ని పట్టివ్వడం. అందుకే పెన్నుతో రాస్తున్నా. నేను లారీలకి సీటు కవర్లు కుట్టేదాన్ని, చదువు మధ్యలో ఆపినదాన్ని, తప్పులుంటాయి. వాటిని చూసైనా మనిషే రాసిందని నమ్ముతావేమో. ఈ ఉత్తరం తెచ్చిన రత్నబాబు గారి లారీ మీదే, నేను పెట్టిన వీడియోలో మా నాన్న 'దేవుని కృప' అని రాసింది. బండి నీ షాపు ముందే ఉంటుంది. దిగొచ్చి తడిమి చూసుకో.

నువ్వన్నది నాకు కంఠతా వచ్చేసింది. "నూర్ మహమ్మద్ ఉస్తాద్ దగ్గరే నేను కుంచె పట్టడం నేర్చుకున్నా. ఆయనది కుడిచేతి వాటం. తెలుగుని చివరక్షరం నుంచి మొదటికి రాసే మనిషి ఎక్కడా లేడు. ఇది ఆయన చెయ్యి కాదు, ఏఐ. ఎవరో జబ్బుమనిషి పేరు చెప్పుకుని లైకులు దండుకుంటున్నారు." ఎవరో ఏంటి? పేజీ నాది, పెట్టింది నేను. జాకియా అనడానికి నోరు రాలేదా?

నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు ఆసుపత్రికొచ్చి బత్తాయిలిచ్చి పోయావు. ఆ తర్వాత నాన్న బళ్ళకి పేర్లు రాసే ఈ షెడ్డు తొక్కావా? కుడిచెయ్యి లేవదు. ఎడం చేత్తో కుంచె పట్టడం ఆయనే నేర్చుకున్నాడు, పాత రేకు డబ్బాల మీద గీసి గీసి. మీరంతా ఒక చేత్తో కర్ర ఆనించుకుని దాని మీద రెండో చెయ్యి పెట్టి రాసేవాళ్ళు. ఆయనకి కర్ర పట్టే చెయ్యేది? మణికట్టు చెక్కకే ఆనించాలి. మొదటి నుంచి రాస్తే రాసిందంతా ఆ మణికట్టుకే అంటుకుని చెరిగిపోతుంది. అందుకని చివర్నుంచి మొదలెడతాడు. ఇంతే. ఇందులో మిషనేం లేదు.

నీకు నిజంగా అనుమానమొచ్చి ఉంటే చిల్లకల్లు ఎంత దూరం? బస్సెక్కితే టీ తాగి తిరిగెళ్ళిపోవచ్చు. నువ్వు రాలేదు. అబద్ధమైతేనే నీకు జనమొస్తారు. పాత శిష్యుడు చెప్పాడంటే ఇంకాస్త ఎక్కువొస్తారు. నేననుకునేది ఇదే, తప్పైతే చెప్పు.

ఇప్పుడు షెడ్డుకొచ్చే ప్రతివాడూ ఫోన్ ఎత్తి, "ఏదీ పెద్దాయనా, మా ముందొక్కటి రాయి" అంటున్నాడు. రత్నబాబు గారు కళ్ళారా చూశానని కింద కామెంటు పెడితే, ఈ మోసంలో ఈయన కూడా పార్టీయే అన్నారు. ఇదంతా నేను భరిస్తా. భరించలేనిది వేరే ఉంది. జబ్బు చేసినప్పట్నుంచి నాన్నకి కొన్ని గుర్తుంటాయి, కొన్ని ఉండవు. నీ వీడియో చూసి, మళ్ళీ నా వీడియో పెట్టించుకుని చూసి, నన్ను పక్కకి పిలిచాడు. "అమ్మీ, నిజం చెప్పు. నువ్వేమన్నా కలిపావా? ఇంత బాగా నేను రాయలేను" అన్నాడు.

ఆ రోజు నుంచి కుంచె ముట్టలేదు. ఇప్పుడు రాసింది బాగా రాకపోతే, అనీస్ చెప్పిందే నిజమని తేలిపోతుందని భయం. లారీ ఓనర్లొస్తే పక్క షెడ్డు చూపిస్తున్నాడు. నువ్వు తీసుకుపోయింది నా లైకులు కాదు.

శుక్రవారం నమాజు లోపు ఆ వీడియో తీసేయి. 'నేను అబద్ధం చెప్పాను' అని నీ నోటితో చెప్పు.

జాకియా


చిల్లకల్లు,
శుక్రవారం.

ఒక తప్పు మీద ఇంకో తప్పు చేశావు. నీ క్షమాపణ వీడియో చూశాం. అందులో నువ్వు లేవు.

"మా గురువుగారి మనోభావాలు గాయపడి ఉంటే హృదయపూర్వకంగా చింతిస్తున్నాను" అంట. ఈ మాటలు నీవేనా? మొహం నీదే, గొంతూ నీదే. కానీ ఒక్కచోట తడబడలేదు, ఒక్కసారి 'అదీ... ఏంటంటే' అనలేదు. కళ్ళు కూడా ఎక్కడా కిందికి దిగలేదు. అబద్ధాలు పట్టేవాడివి, సారీ చెప్పడానికి మిషన్ని కూర్చోబెట్టావా, లేక మిషన్ రాసిచ్చింది చదివావా? నాకు తెలీదు. తెలీకపోవడమే నా కోపం. రెండుసార్లు చూసి ఫోన్ మంచం మీద విసిరేశా.

నాన్న తీసుకుని చూశాడు. మొత్తం అయ్యేదాకా ఉండి నవ్వాడు. చాలా రోజులైంది ఆయన నవ్వి. "ఇది మన అనీస్ కాదమ్మీ. వాడు తప్పు చేస్తే ముందు నా మీదే అరిచేవాడు. 'మీరు రంగు పల్చగా కలిపారు కాబట్టే కారింది' అనేవాడు. అలిగి లారీ కిందకెళ్ళి పడుకునేవాడు. మధ్యాన్నం అన్నం టైముకి బయటికొచ్చి పళ్ళెం నా ముందు పెట్టేవాడు. వాడి సారీ అదీ" అన్నాడు.

నిన్ను తిడతాడేమో అని కాచుకుని కూర్చున్నా. తిట్టలేదు. "వాడన్నదాంట్లో తప్పేముంది? అది నూర్ మహమ్మద్ చెయ్యి కాదు. ఆ చెయ్యి ఎలా తిరుగుతుందో వాడికి తెలిసినంత నాకూ తెలీదు, పక్కన నిలబడి చూసింది వాడు. ఇది వేరే చెయ్యి. దీన్ని వాడు చూడలేదు. చూసి అప్పుడు అబద్ధం అనమను" అన్నాడు.

నాకు మండింది. నేను రోజూ చూశాను కదా, నా మాట చాలదా అని అడిగా. "నువ్వు కూతురివి. ఎలా రాసినా బాగుందంటావు" అన్నాడు. ఊళ్ళో ఎవడు నమ్మినా నమ్మకపోయినా ఆయనకి అక్కర్లేదు. నా వీడియో, రత్నబాబు గారి సాక్ష్యం, లైకులు, ఏవీ అక్కర్లేదు. నువ్వొక్కడివి చూసి బాగుందనో, బాలేదనో అంటే అది నమ్ముతాడు. ఇంత అన్న మనిషి మాటకి ఇంకా అంత విలువేంటో నాకర్థం కాదు. నీ మీద అనుమానం నాకు పోలేదు. పోదు కూడా.

మొన్న అడిగినవి ఇప్పుడు అడగట్లేదు. వీడియో ఉంచుకుంటావో తీసేస్తావో నీ ఇష్టం. మైలవరం వాళ్ళ లారీ ఒకటి కొత్త బాడీతో షెడ్డులో ఉంది, వెనక చెక్క ఖాళీగా ఉంది. అక్షరాలకి లైను కొట్టాలంటే సుద్ద రాసిన దారం రెండు కొసలూ ఇద్దరు పట్టుకోవాలి. నేను పట్టుకుంటానంటే వద్దన్నాడు. "రెండో కొస వాణ్ణి పట్టుకోమను" అన్నాడు.

బాగా రాయకపోతే బాలేదని ఆయన మొహం మీదే చెప్పు. జాలిపడి బాగుందన్నావో, అది నేను పట్టేస్తా. ఫోన్ ఇంట్లో పెట్టిరా.

ఆదివారం మధ్యాన్నం బండి తీసుకెళ్ళిపోతారు. ఆ పొద్దుటికల్లా నువ్వు షెడ్డులో ఉండాలి. వస్తావో రావో రేపు సాయంత్రం లోపు రత్నబాబు గారితో చెప్పి పంపు. నోటితోనే చెప్పు.

జాకియా