టేకు బల్ల మీద రెండు నెమళ్లు

బందరు

అమ్మా, సలాం. ఫోనులో చెబితే నాన్న వింటారని కార్డు రాస్తున్నాను. మిషనులో పడి నా వేళ్లు తెగాయని అక్కావాళ్ల కోడూరులో ఎవరో నీతో అన్నారట. నా వేళ్లకేం కాలేదు. గాయమైంది నీ టేకు బల్లకే.

కలంకారీ అచ్చులు చెక్కడానికి వసారాలో ఆ బల్ల మీద నేను బిగించుకున్న, కంప్యూటరు చెప్పినట్టు చెక్కే సీఎన్‌సీ మిషను మొన్న మొదటిసారి తిరిగింది. కంప్యూటర్లో లోతు ఎక్కువ ఇచ్చినట్టున్నాను, నెమలి బొమ్మ పైన పెట్టిన చెక్కను దాటి బల్లలోకి దిగింది. నాన్న చూసి, "ఇన్నేళ్లు ఉలి పట్టాను, ఒక్కనాడైనా ఇంట్లో సామాను చెక్కానట్రా?" అని వీధంతా వినబడేలా తిట్టారు. సాయంత్రం నేను బజారుకెళ్లి వచ్చేసరికి మిషను గుయ్యిమంటోంది. ఆన్ చేసింది నాన్నే. చెక్క పెట్టడం మర్చిపోయారు. రెండో నెమలి నేరుగా బల్లలోనే పడింది. "రెండూ నువ్వే చేశావని మీ అమ్మకి చెప్పు" అన్నారు.

అక్క మోకాలి నొప్పి తగ్గిందా? బావగారికి నా సలాం చెప్పు, పిల్లల్ని ముద్దాడు. ఎండురొయ్యలు దొరికితే తీసుకురా. కాస్త త్వరగా బయలుదేరమ్మా, నాన్న పొద్దుట్నుంచీ నీ చెక్క బీరువా తలుపులు కొలుస్తున్నారు.

నీ అనీస్