బల్ల మీద పాత మానిటర్, అందులో నా మొహం

ఏవండీ, వంట మూతపెట్టి పొయ్యి పక్కన ఉంచాను. నిలబడే తినండి, బల్ల మీద మీ పాత మానిటర్ కూర్చుంది కదా! దాని వెనక మూత తీసే ఉంది. కరెంటు తీసేసినా లోపల షాక్ మిగిలే ఉంటుందని మీరే అన్నారు, తడిచేతులతో దాని దగ్గరికి పోకండి.

పంచదార డబ్బాలో ఆ మానిటర్‌కి అతికే రెసిస్టర్లు పోసిన మహానుభావులు తమరేనా? పొద్దున్నే టీలో ఒకటి నా పంటికింద పడింది. ఛీ! నలుపూ తెలుపూ తప్ప ఎరగని ఆ బల్లమీది డబ్బాకి వాటి మధ్య బూడిదరంగు ఛాయలు తెప్పిస్తానని నా చాయ్ తగలేశారు. అది మానిటర్, మీరేమో మానరు. టంకం కంపు నా దిండుకి కూడా పట్టింది.

అన్నిటికంటే రోత ఇంకోటుంది. ఛాయలు సరిచూసుకోవడానికి పెళ్లిఫోటోలో నా మొహం ఒక్కటే కత్తిరించి, నెలల తరబడి రాత్రింబవళ్లు తెరమీద వదిలేశారు. ఇప్పుడు స్విచ్చి ఆపినా అది మసిలా అద్దానికి అంటుకుపోయింది. టీ ఉమ్మేస్తుంటే నన్నే చూస్తోంది!

అక్క ఇంటికి వెళ్తున్నాను. సాయంత్రానికి బల్ల ఖాళీ అవ్వకపోతే అక్కడే పడుకుంటాను.

ఇంకో మాట. మంచం కింద దాచిన వేరే పిక్చర్ ట్యూబు చూశాను. తెర మార్చకండి, నా మొహం దాంతోపాటే పోతుంది. మీ ఛాయల పుణ్యమా అని ఆ మొహంలో నా బుగ్గసొట్ట కూడా పడింది. నా బుగ్గమీద అది ఎప్పుడో పూడిపోయింది. ఆ మానిటర్ డబ్బాని ముందుగదిలో పెట్టండి.