గ్రేకర్లు, ఉప్పువారు

సింగపూర్

అన్నయ్యా,

నువ్వు ఒక పిల్ల ఇంటిపేరు కాజేశావు. ముందు ఆ మాట అనేసి, ఇప్పుడు నమస్కారం పెడుతున్నాను. వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను కులాసా. అలా రాయడం అలవాటు కనుక రాశాను. రోజూ వాన, రోజూ అదే గది, హాకర్ సెంటర్‌లో ఒంటరి భోజనం.

నీ ఉత్తరంలో పెద్ద జోకులా రాశావు. పదో తరగతి నూకరత్నం వచ్చి, "మాస్టారూ, మాది ఉప్పు వోరిల్లు కాదండి, గరికినోరండి. మా నాయనమ్మ సెప్పింది. పరీక్షకి పంపే నామినల్ రోల్సులో మార్చండి" అందట. "ఏ పేరైతేనేం, ముందు మార్కులు తెచ్చుకో, ఫో!" అని పంపేశావట. నాకు నవ్వు రాలేదు.

చాంగీలో మా ఆఫీసు ఒక డెన్మార్క్ కంపెనీకి పనిచేస్తోంది. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయని పాత రికార్డుల్లో తేదీలు దిద్దుతున్నాం. ఒక జాబితాలో "గ్రేకర్" అని ఉంటే, ఎవరని ఆ దేశం నుంచి వచ్చిన లార్స్‌ను అడిగాను. ఆ మాటకు గ్రీకువాడని అర్థమట. లాటిన్ నుంచి వచ్చిన మాటట. గ్రీకులు తమను తాము ఎల్లినెస్ అనుకుంటారు. రోమన్లకు మొదట తారసపడిన ఒక చిన్న తెగ పేరు జాతి మొత్తానికీ అంటుకుందని చెబుతారు. డెన్మార్క్ వాళ్లు ఇప్పటికీ అదే వాడుతున్నారు.

"మరి గ్రీకులకు కోపం రాదా?" అన్నాను.

"ఎందుకు? వాళ్ల పేరు వాళ్ల దగ్గర భద్రంగానే ఉందిగా!" అని నవ్వాడు.

నూకరత్నం పేరు ఎక్కడ భద్రంగా ఉంది? వాళ్ల పేటకు మొదట వచ్చిన రెండు కుటుంబాలు ఉప్పు మళ్లలో పనిచేసేవి. తరువాత వచ్చినవాళ్లందరికీ ఉప్పు అనే ఇంటిపేరే పెట్టేశాం. పెట్టేశాం అనే అంటున్నాను. ఆ పిల్ల తండ్రిని బడిలో చేర్చిన రోజు, నువ్వు చెబుతుంటే రిజిస్టరు రాసింది నేనే. ఆ నాయనమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. మనం ఆవిణ్ణి ఒక్క మాట అడగలేదు.

మొన్న మా ఇంటి ఓనరు అప్పలమ్మ ఆంటీని ఇంటిపేరు అడిగాను. "మా తాత ఓడ దిగినప్పుడు గుమాస్తా రాసుకోలేదమ్మా. ఇంక ఎవర్ని అడగను?" అంది. వాళ్లబ్బాయి టీవీ ముందు నుంచే, "నో నీడ్ లా, అమ్మా!" అని ఇక్కడి ఇంగ్లీషులో కొట్టిపారేశాడు.

నూకరత్నం సర్టిఫికెట్ అచ్చయిందంటే ఇక అంతే. ఊరూ పేరూ తెలియని వాళ్ల తేదీలన్నీ దిద్దుతున్నాను, నేను రాసిన ఆ ఒక్క గడి దిద్దలేను. నువ్వు దిద్దుతావన్న నమ్మకమూ పెద్దగా లేదు. అయినా అడుగుతున్నాను. అమ్మకు నా దండాలు చెప్పు.

నామినల్ రోల్సు పంపకముందే నూకరత్నాన్ని పిలిపించు.
ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు రాయి.
పేటకు వెళ్లి మిగతా ఇళ్లలోనూ అడుగు.
నాయనమ్మకు క్షమాపణ చెప్పు, నా వంతు కూడా.
ఇవన్నీ చేశాకే నన్ను దీవించు.

నీ చెల్లి,
సుభద్ర