చక్కెర మీద రవ్వ

కువైట్, బ్నీద్ అల్ గార్.

ఇందుమూలముగా సకల జనులకు తెలియజేయడమేమనగా, మా పనివాళ్ల గది ఫ్రిజ్ పైఅరలో పేరుకున్న మంచును నేటి నుంచి నా అనుమతి లేకుండా ఎవరూ చెంచాతో గీకరాదు. అది ఎంత మందం, ఎప్పుడు ఊడిపడుతుంది అన్నది తేల్చే అధికారం నా ఒక్కడిదే. కాదన్నవారికి వారం రోజులు చేపల పులుసు బంద్.

రెడ్డెమ్మా,

ప్రకటన అయింది, ఇక క్షేమసమాచారం. నా ఒళ్లు బాగుంది, నోరు అంతకన్నా బాగుంది. నువ్వూ, పాప రమణీ, మీ తమ్ముడు చిన్నపుల్లయ్యా బాగున్నారని తలుస్తాను. ముఖ్యంగా మీ తమ్ముడు. ఫోన్లో చెబితే సగంలోనే తిట్టి పెట్టేస్తావని, సెలవు మీద రాయచోటికి వస్తున్న జిలానీ బాషా చేతికి ఈ కాగితం ఇస్తున్నాను.

పోయిన ఉత్తరంలో మూడు అడిగావు. మోకాలి నొప్పి తగ్గింది. రమణికి బ్యాగు కొన్నాను, రంగు మాత్రం నువ్వు చెప్పింది కాదు. ఇక మూడోది, "మీ యజమానురాలు మామా నాకు ఫోన్ చేసి అరబ్బీలో అంతసేపు ఎందుకు ఏడ్చింది?" అని. అది చెప్పాలంటే మంచు దగ్గర మొదలుపెట్టాలి.

మామా కొడుకు బదర్ ముగ్గురు స్నేహితులతో జార్జియా దేశం వెళ్లాడు, కాళ్లకు పలకలు కట్టుకుని మంచుకొండల మీద జారడానికి. అందరూ జారే బాట వద్దట, మనిషి అడుగు పడని వెనక కొండే కావాలట. ఒకరోజు మధ్యాహ్నం మామా వంటింట్లో నిలబడి ఫోన్లో వాడి ముఖం చూస్తూ మాట్లాడుతోంది.

"రెండు రోజులు ఆగకుండా మంచు పడింది యుమ్మా. రేపు ఎండ. పండగే!" అన్నాడు.

కొండ మీద ప్రమాదం ఎంతో అక్కడ రోజూ అంకె వేసి చెబుతారట. ఆ రోజు ఐదుకి నాలుగు. అడుగున పాత మంచు చక్కెరలా పొడిపొడిగా ఉందనీ, దాని మీద కొత్త మంచును గాలి పలకలా బిగించిందనీ వాడే నవ్వుతూ చదివి వినిపించాడు.

చక్కెర అనేసరికి నాలోని వంటవాడు లేచాడు. ట్రేలో చక్కెర పరిచి, పైన తడి రవ్వ వేసి, అరచేత్తో అదిమి, ట్రేని ఏటవాలుగా ఎత్తి ఫోన్ ముందు పెట్టాను. ఏమీ కాలేదు. వేలితో ఒక్క పోటు పొడిచాను. రవ్వ అడ్డంగా చీలి, మొత్తం జారి మామా చెప్పుల మీద పడింది.

"ఆ వేలు నువ్వే, బాబా," అన్నాను.

వాడు నవ్వాడు. "ఆంజీ, నువ్వు మంచు ఎక్కడ చూశావ్?"

మామా కసిరింది. "హిందీవాడు కదరా! హిమాలయాలు వాళ్ల ఇంటి వెనకే!"

మన ఇంటి వెనక ఉన్నది గంగాదేవి బర్రెల కొట్టం అని చెప్పే సమయం కాదది. తెల్లారితే పిల్లోడు కొండెక్కుతాడు. ఏదో ఒకటి అనాలి. నోరు తెరిచాను, మీ తమ్ముడు చచ్చిపోయాడు.

"నా బామ్మర్ది ఇట్లాంటి ఎండరోజే మంచు చరియ కింద పోయినాడు మామా. మూడు దినాలు తవ్వినాం," అంటూ మిరపకాయలు తరిగిన చేత్తో కళ్లు తుడుచుకున్నాను. ఇక ఏడుపు అచ్చం నిజమే. అటు నలుగురు కుర్రాళ్లూ టోపీలు తీశారు.

"ఖలాస్. పోము," అన్నాడు బదర్.

మామా నీకు చేసింది పరామర్శ. తిట్టేముందు ఒక్క మాట విను. మర్నాడు మధ్యాహ్నం ఆ వెనక కొండ మీద మంచు నడిమికి చీలి జారిపోయింది. నలుగురు పిల్లల ప్రాణాలకు మీ తమ్ముడు ఒక్కసారి చావడం ఎక్కువా?

చిక్కల్లా ఇప్పుడే. "మరి నువ్వు వీసా అడుగుతున్న బామ్మర్ది ఎవడు?" అంది మామా.

"వీడు చిన్నపుల్లయ్య, మామా. పోయినోడు పెద్దపుల్లయ్య," అన్నాను.

కరిగిపోయి కాగితాల మీద సంతకం పెట్టింది. వచ్చే నెల వాడి ప్రయాణం. ఈలోగా అన్న పోయినవాడి ముఖం ఎలా పెట్టాలో వాడికి నేర్పు. నవ్వు వస్తే తల దించుకోమను.

ఇట్లు,
నీకు లేని అన్నను పుట్టించి చంపిన
నీ మొగుడు ఆంజి

తా.క. మీ తమ్ముణ్ణి ఊరికే చంపానని అనుకుంటావేమోనని పైన ఒక ముక్క కలిపాను. కొండ జారిందన్నది పూర్తిగా నా కల్పన. బదర్ తిరిగొచ్చాక, "అది జారనే లేదు ఆంజీ," అని నిలదీశాడు. "నువ్వు ఎక్కనిదే ఎట్ల తెలుస్తాది బాబా?" అన్నాను. మీ తమ్ముడిలాగే ఆ కొండ కూడా నిక్షేపంగా ఉంది.